చేవ గల కలప

‘చేవ’ అను మాటను మనము మనిషికిని వాడుదుము, మ్రానుకును వాడుదుము. చెట్టు నడుమ ముదిరి, రంగు తేరి, గట్టిపడిన భాగమే చేవ. దాని చుట్టునుండు తెల్లచెక్కలో పిండిపదార్థ ముండుటచే పుప్పిపురుగు ముందుగా దానినే తొలుచును. టేకు చేవలో సహజముగా తైల ముండుటవలన చెదలు దానిని తేలికగా ముట్టవు.

నస్పూరు, శ్రీరాంపూరు గని కాలనీలలో పెండ్లికి మంచము, బీరువా సమకూర్చుట వాడుక. మెత్తని కలపతో చేసినవి చవుకగా దొరకును. రంగు పూసిన పిమ్మట రెండింటికిని భేదము కానరాదు. కాని కొన్ని వానకాలములు గడచిన పిదప కీళ్లు వదులగును, మంచము క్రింద పిండి రాలును. కార్మికుడు ఉద్యోగ విరమణ చేసి క్వార్టరు విడుచునాడు, విప్పి మరల బిగించుటకు ఓర్చునది గట్టి కలపయే.

అంతమాత్రమున మెత్తని కలప నిందింపదగినది కాదు. నిర్మల్ బొమ్మలకు తేలికయైన పొనికికఱ్ఱయే తగును. బరువు మోయు మంచమునకు మాత్రము బాగుగా ఆరిన టేకుగాని, ఏగిసగాని వలయును.

కొనునపుడు రంగు వేయకమునుపే చూడవలెను. సొరుగు వెనుక, పలక అడుగున తెల్లచెక్క యెంత గలదో పరికింపవలెను. కవ్వాల్ అడవి 2012లో పులుల రక్షితారణ్యముగా ప్రకటింపబడినది. అటనుండి దొంగచాటుగా వచ్చిన దుంగ యెంత చవుకయైనను మనకు వలదు. రశీదు గల కలపగాని, పాత యిండ్ల దూలములుగాని మేలు.

సొమ్ము చాలనిచో నాలుగు సామానులకు బదులు గట్టి మంచ మొక్కటి చేయింతము. మన మనుమలకును అది పనికివచ్చును.