ఆహారపరిశోధనకు స్వచ్ఛందముగా నిలుచుట
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన విద్యార్థివసతిగృహమునందలి బాలుర నందఱిని ఒక పోషకాహారపరిశోధనకు సంఘము పక్షమున నొసగుదమను తీర్మానము నేటి మధ్యాహ్నము సభయెదుటకు వచ్చుచున్నది. ప్రతిపాదించినవారి యుద్దేశము మంచిదే. అట్టి పరిశోధనలకు మనవారు ముందునకు రావలయునని మేమును కోరుచున్నాము. అయినను ఆ తీర్మానమును ఆ రూపమున మేము బలపఱుపజాలము. కారణములు మనవి చేసెదము.

చరకసంహితయందు భోజనపరిమాణమును గూర్చి మాత్రాశితీయమను నధ్యాయమే కలదు. ఎవ్వరికెంత యను ప్రశ్న ప్రాచీనమే. దానికి సమాధానము నేడు తూకముతోను, రక్తపరీక్షతోను చెప్పవలసియున్నది. మనదేశమున ఆ పని 1918లో కూనూరునందు మెకారిసన్ దొర యాధ్వర్యవమున చిన్నదిగా మొదలైనది. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహారసంస్థ యను పేరు పొంది, తార్నాకయందు నడచుచున్నది.

హైదరాబాదు చెంతనున్న 29 గ్రామముల కథ మనవారందఱు వినదగినది. 1987 మొదలు 1990 వఱకు వానిలో 15 గ్రామములందు గర్భిణులకును, ఆఱేండ్లలోపు పిల్లలకును మక్కజొన్న, సోయాచిక్కుడు కలిపిన పిండితో ఉప్మా చేసి ప్రతిదినము పెట్టిరి. తక్కిన 14 గ్రామములకు ఆ ప్రభుత్వపథకమప్పటికింకను చేరలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏండ్ల ప్రాయమువారైన పిదప, 2003–05లో 1165 మందిని మరల పరీక్షించిరి. ఉప్మా పెట్టిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. అది స్వల్పమే. గమనింపదగినది వేఱు: వారి రక్తనాళముల బిరుసుదనము తక్కువగా నుండెను, ఇన్సులిన్ పనిచేయు తీరును మెఱుగుగా నుండెను. తల్లికడుపులోను, పసితనమునను దొరకిన తిండి పదునైదేండ్లకు ధమనులలో కనబడుననుటకు సాక్ష్యము, ఆ పల్లెజనులు సూదిపోటునకు చేయి చాపినందున లభించినది. మధుమేహరోగి లేని యిండ్లు మనలో నెన్ని యున్నవి?

ఉద్యోగవిరమణానంతరము మేమును అట్టి యొక పరిశోధనయందు చేరియుంటిమి. పరగడుపున రక్తమిచ్చుట యొక నిమిషపు పని. ముందటి దినమున ఏమేమి తింటిమో, కొలతగిన్నెలు చూపి యడుగగా చెప్పుటయే కష్టము. నేతిచెంచాలు లెక్కించి చెప్పునప్పుడు ఇంటివారి ముఖము చూడక తప్పదు గదా!

ఇక వసతిగృహము మాట. కెనడా దేశమున 1948 మొదలు 1952 వఱకు మూలవాసుల బిడ్డలుండు ఆశ్రమపాఠశాలలు ఆఱింటిలో ఆహారప్రయోగములు జరిగినవి. పిల్లలు చాలీచాలని తిండితో నున్నారని తెలిసియు, ఆ యాకలినే సాధనముగా గైకొనిరి. ఒక పాఠశాలలో పాలు రెండేండ్లు తక్కువగానే యుంచి చూచిరి. కొన్నిట దంతవైద్యమును గూడ నిలిపిరి. తల్లిదండ్రుల సమ్మతి నడిగినవారు లేరు. 2013లో ఇయన్ మాస్బీ యను చరిత్రకారుడు వెలువరించిన పిదపనే లోకమున కీ సంగతి విస్తారముగా తెలిసినది.

మన వసతిగృహాధికారి యట్టివారు కారని మేమెఱుగుదుము. కాని మన యన్నము తినుచు, మన వేతనముతో చదువుకొనుచున్న బాలుడు మన మాటకు కాదని యెట్లనగలడు? కాదనలేనివాడు ఔననుట సమ్మతి యగునా? భారత వైద్యపరిశోధనామండలి 2017లో ప్రకటించిన నియమములును ఇదియే చెప్పుచున్నవి. సంఘపెద్దల యనుమతి ఒక్కొక్కరి సమ్మతికి బదులు కాజాలదు. పదునెనిమిదేండ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి వలయును. ఏడేండ్లు దాటిన బిడ్డ యొప్పుకోలును వలయును. చేరినవారు ఎప్పుడు వలదనుకొన్నను వైదొలగవచ్చును. పరిశోధనవలన హాని కలిగినచో చికిత్సయు, పరిహారమును పొందు హక్కు గలదు. కోడలి పక్షమున అత్తగారు మాట యిచ్చుటయు చెల్లదు. ఈ వాక్యము సోదరీమణులకొఱకు.

కావున మా సవరణ యిది. పరిశోధకులను సంఘభవనమునకు పిలిచి, సర్వము తెలుగున వివరింపజేయవలయును. పత్రములు తల్లిదండ్రులకు పంపవలయును. చేరని బాలుని వసతికిగాని వేతనమునకుగాని భంగము రాదని సంఘము ముందుగనే వ్రాసియీయవలయును. పరిశోధనకు పెద్దలును కావలసియున్నచో, పోషకులు తమతమ యిండ్లనుండియు పేర్లీయవలయును. కలవారి విస్తళ్లలోను తెలిసికొనవలసినది చాల గలదు. ఆ పట్టికలో మా పేరు మొదట వ్రాసికొనుడు. సవరణప్రతిని కార్యదర్శిగారికి నిచ్చియున్నాము.