రెటీనా ఆపరేషన్ తర్వాత కన్ను: మా ఇంట్లో చూసింది
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం డాక్టర్లం కాము. షోలాపూర్‌లో నాలుగు తరాలుగా తువ్వాళ్ళు, చద్దర్లు నేసుకుని బతుకుతున్న ఇంటివాళ్ళం. కంటి గురించి మాట్లాడమంటే మొదట వద్దనుకున్నాం. మా అన్నయ్యే, "చెప్పుండ్రి, ఇంకొకరి కన్నన్నా దక్కుతది" అన్నడు.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆయన కుడి కంట్లో మెరుపులు మెరిశాయి. మర్నాడు నల్లటి పోగులు తేలాడుతున్నట్టు కనిపించాయి. సాంచాల దగ్గర దూది ఎగరడం మనకు కొత్త కాదు కదా, నూగు పడిందనుకుని నీళ్ళతో కడుక్కున్నడు. మూడో రోజు ఒక పక్క నుంచి నల్ల పరదా లాగినట్టయింది. అద్దాల దుకాణంలో నంబరు మార్చి పంపారు. ఈ ఊళ్ళోనా, హైదరాబాదులోనా అని ఇంట్లో తర్జనభర్జన ఇంకో రెండు రోజులు. ఆపరేషన్ బల్ల ఎక్కేసరికి ఎనిమిది రోజులు గడిచాయి. అప్పటికే చూపుకు నడిమధ్య భాగం, డాక్టర్లు మాక్యులా అంటారే, అది కూడా లేచిపోయింది.

పొర అంటే మనవాళ్ళు శుక్లం అనుకుంటారు. ఇది వేరు. రెటీనా కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలుచని పొర. దానికి రక్తం రెండు దారుల్లో అందుతుంది. లోపలి భాగానికి దాని సొంత నాళాలు ఉన్నాయి. వెలుగును పట్టే కణాలకు మాత్రం ఆహారం, ప్రాణవాయువు ఎక్కువగా వెనక ఉన్న కోరాయిడ్ అనే రక్తనాళాల పొర నుంచే వస్తాయి. రెటీనాకు చిరుగు పడి, నీరు కిందికి దూరి పొర లేచిందంటే ఆ కణాలు పస్తు పడినట్టే. మధ్య భాగం ఇంకా లేవకముందు చేరితే చూపు బాగా నిలబడుతుంది. అందుకే డాక్టర్లు గంటలు లెక్కపెడతారు. మేం రోజులు పోగొట్టుకున్నాం.

1920లకు ముందు దీనికి సరైన వైద్యమే లేదట. స్విట్జర్లాండులో జూల్ గోనాన్ అనే డాక్టరు, చిరుగును వెతికి మూస్తేనే పొర అతుక్కుంటుందని చూపించారు. ఇప్పుడు ఒక్క ఆపరేషన్‌తోనే పదింట ఎనిమిది, తొమ్మిది కళ్ళలో పొర అతుక్కుంటుంది. కానీ అతుక్కోవడం వేరు, చూపు రావడం వేరు. ఈ మాట మాకు ముందే ఎవరైనా నెమ్మదిగా చెప్పి ఉంటే బాగుండేది.

అన్నయ్యకు కంటి చుట్టూ సిలికాన్ పట్టీ వేసి, లోపల గ్యాస్ నింపారు. తల దించుకునే ఉండాలన్నారు. "అచ్చులో పోగులెక్కించేటోనికి తల దించుడు కొత్తనా?" అని నవ్వించాడు. వదిన మాత్రం రాత్రిళ్ళు నిద్రపోలేదు, ఆయన ఎక్కడ వెల్లకిలా తిరుగుతాడో అని. ఆ గ్యాస్ పోవడానికి 6 నుంచి 8 వారాలు పట్టింది. బిందెలో నీటి మట్టంలాగా ఊగే ఒక గీత రోజురోజుకూ కిందికి దిగుతూ కనిపించేదట.

గ్యాస్ ఉన్నన్నాళ్ళూ విమానం ఎక్కొద్దు, ఎత్తయిన ఘాట్లకు పోవద్దు. పైకి పోయేకొద్దీ గ్యాస్ ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరిగితే రక్తం లోపలికి రాలేక, ఉన్న చూపు కూడా పోవచ్చు. వేరే ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వబోతుంటే కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి. నొప్పి గట్టిగా వస్తే తెల్లారే దాకా ఆగొద్దు.

పట్టీ సంగతి మాకు తర్వాత తెలిసింది. చుట్టూ బిగించిన పట్టీ కంటికి వచ్చే రక్తప్రవాహాన్ని కొంత తగ్గిస్తుంది. పరిశోధకులు కొలిచి చూశారు. పట్టీని కోసి వదులు చేసిన కళ్ళలో ప్రవాహం మళ్ళీ పెరిగింది. చాలామంది కళ్ళు ఆ తగ్గుదలను తట్టుకుంటాయి, కాబట్టి భయపడి పట్టీ తీసేయమని అడగక్కర్లేదు. చెకప్ మాత్రం మానకూడదు. పట్టీ వల్ల కన్ను కాస్త పొడుగై దూరపు చూపు నంబరు కూడా పెరుగుతుంది. అన్నయ్యకు అప్పటికే మైనస్ ఎనిమిది, దాని మీద ఇంకో రెండున్నర.

అసలు దెబ్బ మూడో నెలలో తగిలింది. సాంచా ముందు నిలబడి, "పడుగు వంకర ఎందుకు పోయింది?" అని అడిగాడు. పడుగు తిన్నగానే ఉంది. ఆయన కంటికే పోగులు అలలు అలలుగా కనిపిస్తున్నాయి. మధ్య భాగం లేచి అతుక్కున్న కళ్ళలో ఇలా అవుతుందట. ఏడాది దాకా నెమ్మదిగా మెరుగుపడింది, పూర్తిగా పోలేదు. అచ్చు పని ఆయన చేతిలోంచి తమ్ముని చేతికి వచ్చింది. ఆ వారం ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు. ఇప్పుడు కండెలు చుట్టిస్తాడు, లెక్కలు చూస్తాడు, మా మీద అరుస్తాడు.

రెండో కంట్లో కూడా పొర పలచబడ్డ చోటు కనిపిస్తే లేజర్ చేశారు. నంబరు ఎక్కువున్నవాళ్ళు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు, నాడె ఎగిరి కంటికి తగిలినవాళ్ళు చుక్కలు వేసి రెటీనా చూపించుకోండి. మెరుపులు, నల్ల పోగులు కొత్తగా కనిపిస్తే ఆ రోజే పోండి. అద్దాల దుకాణానికి కాదు, రెటీనా డాక్టరు దగ్గరికి.

అన్నయ్య ఇక్కడే మూడో వరుసలో కూర్చున్నడు. ఏమన్నా అడగాలంటే టీ దగ్గర పట్టుకోండి, కుడి పక్క నుంచి మాత్రం పోకండి, కనబడరు.