ఎండకాలంలో కుందేళ్ల సంరక్షణ
(ప్రసంగ పాఠం)



వరంగల్లు ప్రాంతంలో కుందేళ్లను పెంచువారు పలువురు కలరు. కొందరు మాంసము కొరకు, కొందరు పిల్లల ముచ్చట కొరకు, మరికొందరు ప్రదర్శనలకు పెట్టుటకు పెంచుచున్నారు. ఎవరు ఎందుకు పెంచినను, వీరందరికీ గడ్డుకాలము ఒక్కటే. అది భరణి కార్తె మొదలు మృగశిర ప్రవేశించు వరకు గల నలువది రోజులు. చలికి కుందేలు చచ్చినదని మన వైపు విన్నవారు అరుదు. ఎండకు మాత్రము పది కుందేళ్ల పాక ఒక్క మధ్యాహ్నములో ఖాళీ కావచ్చును. కనుక ఈ జంతువును వేసవిలో ఏ విధముగా కాపాడుకొనవలెనో నేడు మీకు వివరించదలచినాను.

కుందేలు ఎండకు ఎందుకు ఆగదు?

మీలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. “మా చెలకలలో, గుట్టల వెంట చెవులపిల్లులు తిరుగుచునే ఉన్నవి గదా! వాటికి లేని వడదెబ్బ పెంపుడు కుందేలుకు ఎందుకు?” అని. ఈ రెండును ఒక జాతివి కావు. మన చెవులపిల్లి బయట పొదల నీడన బ్రతుకునది. దాని పిల్లలు పుట్టునప్పుడే ఒంటినిండా బొచ్చుతో, తెరచిన కళ్లతో పుట్టును. మనము పెంచు కుందేలు ఐరోపా ఖండములో నేలలో బొరియ త్రవ్వుకొని నివసించు కుందేలు సంతతి. దాని పిల్లలు బొచ్చు లేక, కళ్లు మూసుకొని పుట్టును. దాని పూర్వులు పగటి ఎండలో బొరియలో పడుకొని, చల్లని వేళ బయటికి వచ్చి మేసెడివి. అట్టి జంతువును మనము బొరియ నుండి తెచ్చి తీగ పంజరములో ఉంచినాము. తప్పించుకొని నీడకు పోవు దారి దానికి లేదు. కనుక బొరియలోని చల్లదనమును మనమే కల్పించవలెను. ఈ ప్రసంగమునకు సారాంశము ఇదే.

(చెవులపిల్లిని పట్టి పెంచవచ్చును గదా అని తలంచవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము.)

ఇక కుందేలు శరీరపు తీరు చూడుడు. మనకు, గుర్రమునకు చెమట పోయును. కుందేలుకు చెమట గ్రంథులు దాదాపు లేవనే చెప్పవచ్చును. అది కుక్క వలె నోరు తెరచి రొప్పుటకును తగినది కాదు, ముక్కుతోనే శ్వాసించును. ఒంటి వేడిని బయటికి పంపుటకు దానికి ముఖ్య సాధనము చెవులు. వేడి ఎక్కువైనప్పుడు చెవులలోని రక్తనాళములు ఉబ్బి, రక్తము అక్కడ గాలికి చల్లబడును. 18 నుండి 24 డిగ్రీల సెల్సియస్ వరకు కుందేలుకు సుఖము. 30 దాటిన కష్టము. 35 దాటిన ప్రమాదము.

కుందేలు శరీరపు వేడి సుమారు 39 డిగ్రీలు. మే నెలలో మన జిల్లాలో గాలి వేడి 40 డిగ్రీలు దాటుట సాధారణము. అనగా, గాలియే కుందేలు కంటె వేడిగా ఉన్నది! అప్పుడు చెవులు వేడిని బయటికి పంపలేవు సరికదా, బయటి వేడిని లోనికి తెచ్చుకొనును. అట్టి వేళ ఫ్యాను ఒక్కటే పెట్టిన లాభము లేదు. అది వడగాలిని కుందేలు మీదికి తోలును. ఆ సమయమున చల్లదనమునకు మార్గము ఒక్కటే — నీరు ఆవిరి అగుట. తడియు, గాలియు కలిసిననే చల్లదనము. ఈ మాట గుర్తుంచుకొనుడు.

పాక ఎట్లుండవలెను?

పాక పొడవు తూర్పు పడమరలుగా ఉండవలెను. అప్పుడు ఉదయపు ఎండ, సాయంకాలపు ఎండ పంజరముల మీద పడవు. వేప, కానుగ వంటి చెట్ల నీడన కట్టుట మరింత మేలు. చూరు మూడడుగులు ముందుకు దించవలెను.

రేకుల కప్పు కలవారు ఎక్కువ జాగ్రత్త పడవలెను. ఎండకు కాగిన రేకు పొయ్యి మీది పెనము వంటిది. దానిపై తాటాకు గాని, వరిగడ్డి గాని మందముగా పరచి కట్టుడు. లేదా సున్నము దట్టముగా పూయుడు. తెల్లని కప్పు ఎండను వెనుకకు కొట్టును. అయితే ఎండిన గడ్డికి నిప్పు శత్రువు. పాక దగ్గర చుట్ట, బీడీ కాల్చరాదు. ఒక గోలెము నిండ నీరు ఎల్లప్పుడు సిద్ధముగా ఉంచుకొనవలెను.

వడగాలి వీచు వైపున గోనెపట్టలు గాని, వట్టివేళ్ల తడికలు గాని వ్రేలాడగట్టి తడుపుచుండవలెను. నాలుగు వైపుల మాత్రము మూయరాదు. ఎదుటి వైపు తెరచి ఉంచిననే గాలి లోనికి వచ్చి బయటికి పోవును.

పగలు పదకొండు గంటల నుండి అయిదు వరకు గోనెలు ఆరకుండ చూడవలెను. యాసంగి వడ్ల పనిలో ఇంటిల్లిపాది కల్లము దగ్గరనో, కొనుగోలు కేంద్రము దగ్గరనో ఉన్నప్పుడు అరగంటకొకసారి నీరు చల్లువారెవరు? దీనికి సులువైన ఉపాయము కలదు. శివాలయములో లింగముపై ధారాపాత్ర కట్టునట్లు, అడుగున చిన్న రంధ్రము చేసి వత్తి దూర్చిన కుండను గోనెపట్ట పైన వ్రేలాడగట్టుడు. చుక్క చుక్కగా నీరు దిగి గోనె తడిగా ఉండును. విద్యుత్తు పోయినను ఈ ఏర్పాటు ఆగదు.

మృగశిర తరువాత పద్ధతి మార్చుకొనవలెను. వానలు మొదలైన పిదప గాలిలో తేమ పెరిగి ఉక్కపోత పోయును. అప్పుడు తడిగోనెలు మేలుకు బదులు కీడు చేయును. ఆ దినములలో గోనెలు తీసివేసి, పాకను నలుదిక్కుల తెరచి, వీలైన ఫ్యాను పెట్టుడు. గాలి వేడి తగ్గియుండును గనుక ఫ్యాను అప్పుడు ఉపయోగపడును.

పంజరములో చల్లదనము

వేసవిలో ఒక పంజరములో పెద్ద కుందేలు ఒక్కటే ఉండవలెను. షాబాదు బండ ముక్కను రాత్రి నీటిలో నానబెట్టి పగలు పంజరములో పెట్టిన, కుందేలు దానిపై పొట్ట ఆనించి పడుకొనును. పగిలిన కడవ సగమును బోర్లించి, పైన తడిగుడ్డ కప్పినను మంచిదే. అది చిన్న బొరియ వలె పనిచేయును. ఇంట ఫ్రిజు కలవారు సీసాలో నీరు గడ్డ కట్టించి, గుడ్డ చుట్టి ప్రక్కన ఉంచవచ్చును. ఈజిప్టు వంటి ఎండ దేశములలో భూమిలోనే గూళ్లు కట్టి, పంజరములతో కలుపు పద్ధతి కూడ కలదు.

పంజరముల క్రింద పెంట, మూత్రము నిలువనీయరాదు. వేడికి దాని ఘాటు పెరిగి, అసలే ఎగశ్వాసతో ఉన్న కుందేలు ఊపిరితిత్తులను చెరచును.

పొడుగు బొచ్చు కలిగిన ముద్దు కుందేళ్లు మన ఎండకు తగినవి కావు. అట్టివి ఇప్పటికే ఉన్నచో, రోజూ దువ్వి రాలు బొచ్చు తీసివేసి, వేసవికి ముందే బొచ్చు కురచగా కత్తిరించుడు. ప్రదర్శనకు అందము తగ్గునని వెనుకాడవద్దు. బొచ్చు మరల పెరుగును, ప్రాణము రాదు.

నీరు, మేత

రెండు కిలోల కుందేలు మామూలు దినములలో రమారమి పావు లీటరు నీరు త్రాగును. ఎండలో అంతకు రెట్టింపు కావచ్చును. బరువైన మట్టి మూకుళ్లలో నీరు పెట్టిన చల్లగా ఉండును, తొందరగా ఒరుగదు. పంజరమునకు రెండు ఉంచి, రోజునకు మూడుసార్లు నీరు మార్చుడు. గొట్టముల ద్వారా నీరిచ్చువారు మధ్యాహ్నము ఆ నీటిని ఒకసారి చేతితో పట్టి చూడుడు. ఎండలోని ట్యాంకు నుండి వచ్చు నీరు కాగి ఉండును. కుందేలు దానిని ముట్టదు. గొట్టము నిండ నీరున్నను జంతువు దాహముతో ఉండును.

మేత అరిగించుటలో ఒంట వేడి పుట్టును. కనుక దాణా, ఎండుమేత సూర్యాస్తమయము తరువాత పెట్టుడు. తెల్లవారుజామున లూసర్ను, గరిక వంటి పచ్చిమేత ఇయ్యుడు. కోసిన పచ్చిమేతను కుప్ప పోయరాదు. ఉడికి కడుపుబ్బరము తెచ్చును. నీడన పలుచగా పరచుడు.

చూలు, ఈత

కుందేలు చూలు 31 దినములు. ఫిబ్రవరి మొదటి వారము దాటిన తరువాత జత కట్టించకుండుట మంచిది. అప్పటికి కట్టినవి మార్చి మొదట ఈని, ఏప్రిల్ నడుమకు పిల్లలు తల్లిని విడుచును. మండుటెండలో నిండుచూలుతో ఉన్న కుందేలు అన్నిటికంటె ముందు ప్రాణము కోల్పోవును.

ఎండ దెబ్బ తిన్న మగ కుందేలు పైకి బాగుగనే కనిపించినను, దాని బీజము కొంతకాలము పనికిరాదు. క్రొత్త బీజము తయారగుటకు సుమారు ఏడు వారములు పట్టును. కనుక ఆగస్టు నడిమి వరకు జత నిలువలేదని మంచి మగదానిని అమ్మివేయవద్దు.

ప్రయాణము

సంతకు గాని, ప్రదర్శనకు గాని తీసుకొనిపోవలసిన రాత్రివేళ గాని, వేకువన గాని గాలియాడు బుట్టలో తీసుకొనిపోవుడు. నిలిపియుంచిన కారులో కొద్ది నిమిషములు విడిచినను ముప్పే.

వడదెబ్బ తగిలినచో

కుందేలు ఒళ్లు చాచి పడియుండుట, చెవులు ఎర్రబారి కాలుచుండుట, ముక్కు తడి అగుట, డొక్కలు వేగముగా ఎగురుట — ఇవి తొలి గుర్తులు. తల వెనుకకు వాల్చి నోటితో శ్వాస తీసినచో ప్రాణాపాయము. వెంటనే నీడకు తెచ్చి, చల్లని నీటితో చెవులను, పాదములను తడిపి విసరుడు. మంచునీటిలో ముంచరాదు, ఆ అదురుకే చనిపోవచ్చును. స్పృహ తప్పిన దాని నోట నీరు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. కొంత తేరుకొనిన పిదప మూకుడు ముందు పెట్టుడు, తానే త్రాగును. తేరుకొన్నను పశువైద్యునికి చూపించుడు.

సోదరులారా! 2015 మే నెలలో వీచిన వడగాలులకు మన రెండు తెలుగు రాష్ట్రములలో వెయ్యిమందికి పైగా జనులే మరణించినారు. నీడకు నడచి పోగల మనుష్యులకే అట్లుండగా, పంజరములోని మూగజీవి మాట చెప్పవలెనా? రోహిణిలో రోళ్లు పగులునని పెద్దలు ఊరక అనలేదు. కుండలు, గోనెలు, సున్నము, తాటాకు మన ఊళ్లలో దొరకునవే. రోహిణి వచ్చిన తరువాత కాదు, ఉగాది పండుగ నాటికే వీటిని సమకూర్చుకొనుడు. సందేహములున్నచో మామునూరులోని కృషి విజ్ఞాన కేంద్రమును గాని, పశువైద్య కళాశాలను గాని సంప్రదించుడు.