ఆచార్యుని తుది పలుకు

వేదమునకు శ్రుతి యని పేరు. శ్రుతి యనగా వినబడినది. గురువు పలుకగా శిష్యుడు చెవియొగ్గి విని, మరల పలికి, అనేక శతాబ్దముల పాటు దానిని కంఠముననే నిలుపుకొనెను. వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము అను ఆరింటిని ఉచ్చారణకు అంగములుగా తైత్తిరీయోపనిషత్తు తన తొలి భాగముననే పేర్కొనుచున్నది. యునెస్కో సంస్థ 2003లో ఈ వేదపఠన సంప్రదాయమును మానవజాతి వారసత్వములలో ఒకటిగా ప్రకటించినది. ధ్వనిని ఇంత పదిలముగా కాపాడినవారు ఆ ధ్వనిలో మనకు ఏమి అందించిరి? ఈ ప్రశ్నకు సమాధానముగా ఆ ఉపనిషత్తులోని రెండు ఘట్టములను మాత్రము శ్రోతలకు మనవి చేసెదను.

తైత్తిరీయోపనిషత్తు కృష్ణయజుర్వేదమునకు చెందినది. తైత్తిరీయారణ్యకము నందలి 7, 8, 9 ప్రపాఠకములే ఈ ఉపనిషత్తు. శిక్షావల్లి, ఆనందవల్లి, భృగువల్లి అని దీనికి మూడు భాగములు. శంకరాచార్యులు దీనికి భాష్యమును, సురేశ్వరాచార్యులు ఆ భాష్యమునకు వార్తికమును రచించిరి. తెలుగునాట వేదాధ్యయనము చేయువారిలో తైత్తిరీయ శాఖవారే ఎక్కువ గనుక, దీని స్వరము మన చెవులకు చిరపరిచితము.

శిక్షావల్లి పదునొకండవ అనువాకములో చదువు ముగించి ఇంటికి మరలుచున్న శిష్యునకు ఆచార్యుడు హితము చెప్పుచున్నాడు. సత్యమును, ధర్మమును విడువవలదనును. నేర్చినదానిని ఏమరవలదనును. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవములుగా భావింపుమనును. ఇంతవరకు మనలో పెక్కుమందికి తెలిసినదే. పాఠశాలల గోడలపై సైతము ఈ మాటలు కనబడుచుండును.

ఆ వెంటనే ఆయన పలికిన మాటను మాత్రము మనము అంతగా తలచుకొనము. లోకములో నిందకు తావులేని పనులు ఏవి కలవో వానినే చేయుమనెను, తక్కినవి వలదనెను. అంతటితో ఆగక, మాయందు మంచి నడవడి ఏది కలదో దానినే అనుసరింపుము, ఇతరమును అనుసరింపకుము అని అర్థము వచ్చునట్లు చెప్పెను. గురువును దైవముగా చూడుమన్న నోటితోనే, గురువునందును విడువదగినది ఉండవచ్చునని ఆయన ఒప్పుకొనుచున్నాడు. ఏది మంచియో, ఏది కాదో తేల్చుకొను భారము శిష్యునిపైననే ఉంచినాడు. పూజ్యభావమునకు వివేకము శత్రువు కాదని ఇంతకంటె స్పష్టముగా ఎట్లు చెప్పవలెను?

అయినను సందేహము కలిగినచో ఏమి చేయవలెను? దానికిని ఆచార్యుడు దారి చూపెను. ఆ చోట నున్న బ్రాహ్మణులు ఎట్లు నడచుకొందురో అట్లు నడచుకొనుమనెను. కాని, కేవలము ఆ పేరుతో తృప్తి చెందలేదు. వారు విచారణ చేయగలవారై ఉండవలెను. సత్కర్మలయందు నిమగ్నులై, ఒకరి ప్రేరణకు లోబడనివారై ఉండవలెను. కరకుదనము లేనివారై, ధర్మమునే కోరువారై ఉండవలెను. పుట్టుక యొక్కటియే చాలునట్లయిన, ఇన్ని లక్షణములు చెప్పవలసిన పని ఏమి?

ఇక రెండవ ఘట్టము. భృగువు తన తండ్రియైన వరుణుని చేరి బ్రహ్మమును బోధింపుమని కోరెను. సర్వభూతములు దేనినుండి పుట్టి, దేనివలన జీవించి, తుదకు దేనిలో లీనమగునో దానిని తెలిసికొనుమని తండ్రి గుర్తు చెప్పెను. అది యేదియో మాత్రము చెప్పలేదు, తపస్సుచే తెలిసికొనుమనెను. అన్నమే బ్రహ్మమని భృగువు గ్రహించి తిరిగివచ్చెను. తండ్రి అవునని మెచ్చుకొనలేదు, కాదని కసరలేదు. మరల తపస్సు చేయుమనెను. అటుపిమ్మట ప్రాణము, మనస్సు, విజ్ఞానము, చివరకు ఆనందము. అయిదవసారి భృగువు మరల ప్రశ్నింపవలసిన అవసరము లేకపోయెను. సమాధానమును అరచేత పెట్టుట వరుణునకు కష్టము కాదు. అయినను, పరుల వాక్యము కుమారునకు స్వానుభవము కాజాలదని ఆయన ఎరుగును.

ఆనందమును తెలిసికొన్న పిదప ఉపనిషత్తు ఆకాశములోనికి ఎగిరిపోదు. మరల అన్నము కడకే వచ్చును. అన్నమును నిందింపరాదు, త్రోసివేయరాదు, సమృద్ధిగా పెంపొందింపవలెను, ఇల్లు చేరిన వానిని ఎవ్వనిని కాదనరాదు. ఇవి వ్రతములుగా చెప్పబడినవి. మొదటి మెట్టును దాటినవాడు ఆ మెట్టును తృణీకరింపరాదని దీని భావము.

ఈ బోధను ఎదుట నుంచుకొని మన చరిత్రను చూచినచో ఒక విషయము మనస్సును కలచివేయును. ఎవ్వనిని కాదనవలదన్న ఈ వేదమును వినుటకే స్త్రీలకును, పెక్కు కులములవారికిని శతాబ్దముల పాటు నిషేధము విధింపబడినది. ఆ నిషేధమునకు సైతము శాస్త్రమునే ప్రమాణముగా చూపిరి. దీనిని మన పెద్దల ఆచారమని సమర్థింపవలెనా? పెద్దలయందలి మంచినే గ్రహింపుమని చెప్పిన ఆచార్యుడే ఇందుకు కొలమానమును మన చేతికిచ్చెను. వారు అక్షరమును కాపాడిన శ్రద్ధ అనుసరింపదగినది. అక్షరమును దాచిన సంకుచితత్వము విడువదగినది.

నేడు ఈ ఉపనిషత్తు అచ్చుపుస్తకములలో, తెలుగు తాత్పర్యములతో, కోరిన వారందరికి దొరకుచున్నది. ధ్వనిముద్రణ యంత్రము వినువాని కులమును అడుగదు. వినుటకు అడ్డు తొలగినది గనుక ఇక మిగిలినది విచారణయే. వల్లించిన వానికి పుణ్యము కలుగునా, లేదా అను తర్కము అటుండనిండు. విన్న మాటను తన నడవడితో సరిచూచుకొనువాడే ఆ ఆచార్యుని ఎదుట నిలుచుటకు అర్హుడైన శిష్యుడు.