మార్కులకు అందిన స్వభావం: సైకోపతీ కొలమానం, లైంగిక నేరస్థులు

లైంగిక నేరానికి పాల్పడిన వ్యక్తి స్వభావాన్ని అంచనా కట్టి, అతడు మళ్లీ అదే దారి తొక్కుతాడా అని ముందుగా తేల్చే ప్రయత్నానికి ఉత్తర అమెరికాలో సుదీర్ఘ చరిత్రే ఉన్నది గాని, అందులో ముందు పుట్టింది చట్టం; కొలమానం చాలా ఆలస్యంగా వచ్చింది. 1937లో మిచిగన్‌తో మొదలై, ఇల్లినాయ్, మిన్నెసోటా రాష్ట్రాలు 'లైంగిక సైకోపాత్' చట్టాలు చేసి, కామప్రేరణను అదుపు చేసుకోలేడని వైద్యులు చెప్పిన మనిషిని గడువు లేకుండా నిర్బంధించే అధికారాన్ని న్యాయస్థానాలకు కట్టబెట్టాయి. ఆ లక్షణాన్ని నిర్ధారించే పరీక్ష ఏదీ అప్పటికి లేదు. అందువల్ల ఇలాంటి చట్టాల కింద హింసతో నిమిత్తం లేని స్వలింగ సంపర్కులు సైతం ఆస్పత్రుల పాలయ్యారు. ఈ చట్టాలను వ్యాపింపజేసింది శాస్త్రం కాదు, జనంలో రేగిన భయమేనని నేరశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ 1950లో విశ్లేషించారు.

జార్జియాలోని ఆగస్టా నగర వైద్యుడు హార్వీ క్లెక్లీ 1941లో ప్రచురించిన 'ది మాస్క్ ఆఫ్ శానిటీ' ఈ చర్చకు ఒక రూపం ఇచ్చింది. మతిభ్రమణం లేదు, మాట తీరు బాగుంటుంది, తెలివి ఉంటుంది, కాని సిగ్గూ పశ్చాత్తాపమూ మచ్చుకైనా కనిపించవు; ఇటువంటి మేకవన్నె పులుల వర్ణనను ఆధారం చేసుకొని, వాంకూవర్‌లోని మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ 1980లో ఒక చెక్‌లిస్టు రూపొందించి, 1991లో దాని సవరించిన రూపాన్ని ప్రచురించారు. అందులో 20 అంశాలుంటాయి. ఒక్కొక్కదానికి 0, 1 లేదా 2 మార్కులు వేస్తే మొత్తం 40కి మించదు, 30 లేదా అంతకు మించితే సైకోపతీ అని ఉత్తర అమెరికాలో వాడుక. పరీక్షింపబడేవాడు అబద్ధమాడడంలో ఆరితేరినవాడు కావచ్చు కనుక, ముఖాముఖితో పాటు జైలు, పోలీసు రికార్డులను కూడా పరిశీలించాలన్నది దీని నియమం. విచిత్రమేమంటే, ఈ ఇరవైలో స్త్రీపురుష సంబంధాలను తాకేవి రెండే, విచ్చలవిడి సంబంధాలూ నిలవని పెళ్లిళ్లూ. బలాత్కార వాంఛను గురించి ఒక్క అంశమూ లేదు.

ఆ లోటు ఫలితాల్లోనూ కనబడింది. పెద్దవారిపై అత్యాచారం చేసినవారికి వచ్చే మార్కులు, పిల్లలనే వేధించినవారి మార్కుల కన్నా సాధారణంగా ఎక్కువ. అంటే తక్కువ మార్కు వచ్చినవాడు పిల్లలకు ప్రమాదం కాడనుకోవడం పొరపాటు. పరిశోధకులు మార్నీ రైస్, గ్రాంట్ హారిస్ 1997లో చూపినట్లు, అధిక మార్కుకు వికృత లైంగికాసక్తి తోడైనవారే త్వరగా మళ్లీ లైంగిక నేరానికి దిగారు.

అన్నిటికన్నా ఎక్కువ ప్రచారం పొందినది కెనడాలోని వార్క్‌వర్త్ జైలు అధ్యయనం. చికిత్స తరగతుల్లో శ్రద్ధగా ఉంటూ, ఇచ్చిన అభ్యాసాలు చక్కగా పూర్తిచేసినవారిలో సైకోపతీ మార్కులు ఎక్కువున్నవారే విడుదలయ్యాక అధికంగా నేరాలు చేశారని పరిశోధకులు మైకేల్ సెటో, హోవర్డ్ బార్బరీ 1999లో ప్రకటించడంతో, ఇటువంటివారికి చికిత్స నేర్పేది నటననేనన్న నమ్మకం పాతుకుపోయింది. అయితే 2005లో బార్బరీ స్వయంగా అదే బృందాన్ని మరింత కాలం, మరింత సమగ్రమైన పోలీసు రికార్డులతో అనుసరించగా ఆ ఫలితం నిలవలేదు. మొదటి వార్తకు దక్కిన ప్రచారంలో పదో వంతైనా ఈ దిద్దుబాటుకు దక్కిందనడం కష్టం.

న్యాయస్థానాల్లో మరో చిక్కు బయటపడింది. శిక్ష ముగిసినా ప్రమాదకరులనుకున్నవారిని పౌరచట్టం కింద అదుపులో ఉంచవచ్చని 1997లో కాన్సాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అంగీకరించాక, అలాంటి విచారణలకు ఈ మార్కులు సాక్ష్యాలయ్యాయి. టెక్సస్ కేసుల్లో ఒకే మనిషికి ప్రభుత్వ పక్షపు నిపుణుడు వేసిన మార్కులు, ప్రతివాది పక్షపు నిపుణుడు వేసినవాటిని సగటున మించిపోయాయని డేనియల్ మరీ, మార్కస్ బొకాచిని బృందం గుర్తించింది. 2013లో వారు వందకు పైగా నిపుణులకు డబ్బిచ్చి, ఒకే దస్త్రాలను అందించి, సగం మందిని ప్రాసిక్యూషన్ తరఫున, సగం మందిని ప్రతివాది తరఫున పనిచేస్తున్నట్లు నమ్మించారు. దస్త్రాలు మారకపోయినా, ఎవరి తరఫున పని చేస్తున్నామనుకున్నారో ఆ పక్షానికే మార్కులు మొగ్గాయి. స్వభావ పరిశీలనతో పని లేకుండా, వయసు, పాత నేరాల వంటి వివరాలను లెక్కించే స్టాటిక్-99ఆర్ పట్టికలో ఆ మొగ్గు తక్కువగా కనిపించింది.