దీపమూ, పద్దు పుస్తకమూ
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో పంచాంగ శ్రవణమో, హరికథో వుండాలి గాని నర్సుల చదువును గురించి ఉపన్యాసమేమిటని కొందరికి తోచవచ్చు. మేము రైల్వే గుమాస్తా ఉద్యోగంలో వున్నవారమే గాని వైద్యం చదివినవారం కాము. అయినా ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం వున్నది. ఈ యేడు మన కాలనీలో ప్లస్ టూ ప్యాసయిన ఆడపిల్లలలో ఇద్దరు నర్సింగు చదువుతామన్నారు. రెండిళ్ళలోనూ ఒకటే మాట వినవచ్చింది: "ఇంత చదివించింది రోగుల బెడ్‌పాన్లు ఎత్తడానికా?" ఆ ప్రశ్న అడిగినవారు మాకు కావలసినవారే. కనుకనే తీరిక చేసుకొని, పుస్తకాలు చూచి, జవాబు చెప్పడానికి వచ్చాము.

ఈ పనిపైన చిన్నచూపు మనకు కొత్త కాదు. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్న సామెత మనదే గదా! తల్లినీ బిడ్డనూ దక్కించిన మనిషికి పాత చీరా, చేటెడు బియ్యమూ ఇచ్చి పెరటి దారిన పంపిన ఇళ్ళు ఎన్ని లేవు? మన పాత వైద్య గ్రంథాలవారు మాత్రం ఇట్లా అనుకోలేదు. చికిత్సకు వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలుంటాయని చరక సంహితలో చెప్పారు. పరిచారకునికి కావలసిన గుణాలు కూడా నాలుగు చెప్పారు: ఉపచారం తెలిసి వుండడం, దక్షత, అనురాగం, శుచి. వరుస గమనించండి. తెలిసి వుండడం మొదటిది, అనురాగం మూడవది. మనమో, నర్సమ్మ అనగానే దయ, జాలి అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాము. చదువు సంగతి ఎత్తనే ఎత్తము.

ఫ్లారెన్స్ నైటింగేల్ గారి కథలోనూ ఇదే జరిగింది. చేత దీపం పట్టుకున్న బొమ్మ అందరికీ తెలుసు. ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో, కలిగిన ఇంగ్లీషు కుటుంబంలో పుట్టింది. ఆసుపత్రి పని నేర్చుకుంటానంటే తల్లీ, అక్కా ససేమిరా అన్నారు. అప్పటి ఇంగ్లండులో ఆ పనివాళ్ళకు మన మంత్రసానికున్న పాటి మర్యాద కూడా లేదు. అయినా పట్టు విడవక 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్ వెళ్ళి మూడు నెలలు పని నేర్చుకున్నది. క్రిమియా యుద్ధం వచ్చాక, 1854 నవంబరులో 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని ఇస్తాంబులుకు ఎదుటి ఒడ్డున వున్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. అదే యుద్ధానికి జమైకా నుంచి మేరీ సీకోల్ అనే నల్లజాతి స్త్రీ వస్తానంటే అధికారులు తీసుకోలేదు. ఆమె తన ఖర్చుతో తానే వెళ్ళి సైనికులకు సాయపడింది. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాలలో కనబడదు, అది వేరే సంగతి.

స్కుటారిలో గాయాల కంటె రోగాలతో చచ్చినవారే ఎక్కువ. 1855 ఫిబ్రవరిలో చికిత్సకు వచ్చినవారిలో నూటికి 40 మందికి పైగా పోయేవారు. జూను నాటికి అది నూటికి 2కు దిగింది. దీనిని నైటింగేల్ గారి మహిమగా చెప్పడం వాడుక. ఆ మార్చిలో ఇంగ్లండు నుంచి పారిశుద్ధ్య సంఘంవారు వచ్చి, ఆసుపత్రి కింద పోయే మురుగు కాలువలు కడిగించి, గదులలో గాలి ఆడేటట్టు చేశారు. మరణాలు తగ్గడానికి అది ముఖ్య కారణం.

మాకు బాగా నచ్చినది ఆ తరువాతి కథ. స్కుటారిలో చావుల లెక్క రాసే రిజిస్టర్లు ఒకదానితో ఒకటి సరిపోలేదట. రిజిస్టర్లతో బతికే మా బోటివారికి ఆ చిక్కు ఏమిటో తెలుస్తుంది. ఆమె స్వదేశం వెళ్ళి, విలియం ఫార్ అనే గణాంకవేత్త సాయంతో లెక్కలన్నీ తీసి, ఎవరు దేనివల్ల చనిపోయిందీ నెలవారీగా రంగుల పటం వేయించి 1858లో అచ్చు వేసింది. ఆ యేడే లండను గణాంక సంఘం ఆమెను తీసుకున్నది. ఆ సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమె. దీపం సరే, పద్దు పుస్తకం మాట కూడా మన పిల్లలకు చెప్పాలి.

ప్రజలు ఆమె పేర చందాలు వేసి కూర్చిన సుమారు 45,000 పౌన్లతో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల పెట్టారు. చేరిన పిల్లలకు నెలనెలా ఒక కాగితం రాసేవారు. వేళకు వచ్చిందా, శుభ్రంగా వున్నదా, నమ్మదగినదా, కట్టు కట్టడం వచ్చిందా అని. మా సర్వీసు రిజిస్టరుకు అక్కగారన్నమాట!

ఆమె మన దేశంలో అడుగుపెట్టలేదు గాని ఇక్కడి పారిశుద్ధ్యాన్ని గురించీ, కరువులను గురించీ ఏళ్ళ తరబడి రాసింది. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారు సంతోషించే మాట ఒకటి: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరగారితో ఆమెకు ఉత్తరాలు నడిచాయి. కాలువలు తవ్వితే కరువు తగ్గుతుందన్న ఆయన వాదానికి ఆమె గట్టి మద్దతు.

ఇక మన వూరి సంగతి. సెంట్రల్ స్టేషను దిగగానే ఎదుట కనిపించే జనరల్ ఆసుపత్రి 1664లో కంపెనీవారి కాలంలో మొదలయింది. అక్కడే 1871లో, కొద్దిమంది పిల్లలతో, నర్సుల శిక్షణ ఆరంభించారు. తెలుగు నాట గుంటూరికి అమెరికా నుంచి 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ స్త్రీలకోసం ఆసుపత్రి కట్టించారు. వెల్లూరులో ఐడా స్కడర్ గారు 1909లో నర్సుల పాఠశాల తెరిచారు. 1946లో వెల్లూరులోనూ, ఢిల్లీలోనూ నర్సింగుకు డిగ్రీ చదువు వచ్చింది. ఆ యేడే వెలువడిన భోర్ కమిటీ నివేదికలో దేశం మొత్తానికి 7,000 మంది నర్సులు, అంటే సుమారు 43,000 మందికి ఒక్కరు, అని లెక్క చూపారు. 1947లో నర్సింగు కౌన్సిలు చట్టం వచ్చింది.

ఇప్పుడు బెడ్‌పాను సంగతికి వద్దాము. అవును, ఎత్తుతారు. ఎత్తేముందు కొలుస్తారు. రోగి ఎంత తాగాడు, ఎంత పోశాడు అని గంటగంటకూ చార్టులో రాస్తారు. మూత్రం తగ్గితే మూత్రపిండాలు దెబ్బ తింటున్నాయేమోనని డాక్టరుకు ముందుగా కబురు చేసేది ఆ పిల్లే. ఇంకొకటి చూడండి. 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటలలో ఎక్కాలి. గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? 42. గడియారం చూస్తూ లెక్కపెట్టి ఆ వేగానికి సరిచేయాలి. పక్క మంచంలో పసిబిడ్డ వుంటే ఆ లెక్క వేరు. శరీర శాస్త్రం, సూక్ష్మజీవులు, మందులు, ఆహారం, మనస్తత్వం, ప్రసవం — ఇన్ని చదివితే గాని ఈ పని రాదు. ఏ.ఎన్.ఎం. 2 ఏళ్ళు, జనరల్ నర్సింగు 3 ఏళ్ళు, బి.ఎస్‌సి. 4 ఏళ్ళు. ఆ పైన ఎం.ఎస్‌సి., పి.హెచ్‌డి. కూడా వున్నాయి. మగపిల్లలూ చేరుతున్నారు.

రాత్రి డ్యూటీ మాట కూడా వచ్చింది. ఈ సభలో కూర్చున్న స్టేషను మాస్టర్లూ, గార్డులూ రాత్రి డ్యూటీ చేయనివారెవరు? తెల్లవారుజామున టిఫిను క్యారియరు వూపుకుంటూ ఇంటికి వచ్చిన మగవాడికి లేని అగౌరవం ఆడపిల్లకు ఎందుకు వస్తుందో మాకు బోధపడలేదు.

మన బోటి వలస కుటుంబాలకు ఇందులో ఇంకొక అవసరం వున్నది. కాట్పాడికి రాయితీ టికెట్ల కోసం కాగితాలు పట్టుకొని వచ్చే రోగులను మా కిటికీ దగ్గర రోజూ చూస్తాము. నెల్లూరు, చిత్తూరు పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మకు తెలుగు తప్ప రాదు. ఆమె "సలుపుతున్నది" అంటుంది. రేపు "పోటు" అంటుంది. ఎల్లుండి "గుంజుతున్నది" అంటుంది. మూడూ ఒకటి కావు. గడ్డలో చీము పడితే సలుపు, పక్కలో పొడిచినట్లయితే పోటు, నరం లాగితే గుంజడం. తెలియనివారికి మూడూ "నొప్పి" అనే చేరతాయి. అరవమూ, తెలుగూ రెండూ నోట ఆడే మన కాలనీ పిల్ల ఆ మంచం పక్కన వుంటే ఆ ముసలమ్మ మాట డాక్టరుకు సరిగా చేరుతుంది.

కష్టాలు దాచము. ప్రయివేటు ఆసుపత్రులు చాలా చోట్ల తక్కువ జీతానికి ఎక్కువ గంటలు చేయిస్తాయి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన కమిటీ, చిన్న ఆసుపత్రులలో సైతం నర్సుకు నెలకు 20,000కు తగ్గకుండా ఇవ్వాలన్నది. అది అన్ని చోట్లా అమలు కాలేదు. 2018 మే నెలలో కేరళలో నిపా రోగికి పరిచర్య చేస్తూ లినీ అనే నర్సు ప్రాణం పోగొట్టుకున్నది. ఇవన్నీ తెలిసే ఆ ఇద్దరు పిల్లలూ అడుగుతున్నారు. మరి 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకం మొత్తానికి 59 లక్షల నర్సులు తక్కువని చెప్పింది. పని దొరకదన్న భయం అక్కర లేదు.

జాగ్రత్త పడవలసినది కాలేజీ విషయంలోనే. రంగుల కరపత్రం చూచి డబ్బు కట్టవద్దు. రాష్ట్ర కౌన్సిలు, భారత నర్సింగు కౌన్సిలు గుర్తింపు వున్నదా, విద్యార్థులు పని నేర్చుకొనే ఆసుపత్రిలో ఎన్ని మంచాలున్నవి అని అడగండి. చదువు ముగిశాక రాష్ట్ర కౌన్సిలులో పేరు నమోదు కాకపోతే పని చేయడానికి వీలు లేదు. వచ్చే ఆదివారం సాయంత్రం మన సంఘం గ్రంథాలయంలో ఈ కాగితాలన్నీ ముందర పెట్టుకొని కూర్చుంటాము. మార్కుల పట్టీ, పుట్టిన తేదీ పత్రం తెచ్చిన పిల్లలకు దరఖాస్తు నింపిపెడతాము. తండ్రులు కూడా వస్తే మరీ మంచిది. సెలవు.