ఎక్స్‌రే ఎవరి చేతికి?

సిరిసిల్ల నుంచి వెళ్లినా, ఇంకెక్కడి నుంచి వెళ్లినా గల్ఫ్‌లో కొలువుకు ఆమోదం పొందిన కేంద్రంలో వైద్యపరీక్ష తప్పదు. హెచ్ఐవీ, హెపటైటిస్, క్షయ ఏది తేలినా ‘అన్‌ఫిట్’. ఎప్పుడో నయమైన టీబీ ఊపిరితిత్తుల్లో వదిలిన మచ్చకూ అదే గతి పట్టవచ్చు. ఆ ఫలితం గల్ఫ్ వైద్యపరీక్షల వెబ్‌సైటు వాఫిద్‌లో పాస్‌పోర్టు నంబరు, జాతీయత కొడితే కనిపిస్తుంది. పాస్‌పోర్టు నకలేమో ఏజెంటు ఫైల్లో ఉంటుంది. అసలు చిక్కు అక్కడే.

తమ దేశానికి వచ్చేవాడి ఆరోగ్యం తెలుసుకునే హక్కు గల్ఫ్ దేశాలకు లేదా అంటారు. ఉంది. అయితే వీసా అధికారులకు తెలియడం వేరు, ఏజెంటు నోట ఊరంతటికీ తెలియడం వేరు. పరీక్షకు ఒప్పుకుని సంతకం పెట్టాడుగా అనేవాళ్లూ ఉన్నారు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం పరీక్షకు ఇచ్చే సమ్మతినీ, ఫలితం బయటపెట్టడానికి ఇచ్చే సమ్మతినీ విడివిడిగా చూస్తుంది. రెండోది రాతలో ఉండాలి. రోగి అడిగితే వైద్యుడు 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నియమాలు చెబుతున్నాయి. కౌంటరు దగ్గర ఈ మాట ఎవరూ చెప్పరు లెండి. ‘అన్‌ఫిట్’ అన్న ఒక్క ముక్కతో వెనుదిరక్కుండా ఎక్స్‌రే, రక్తపరీక్ష కాగితాలు అడిగి తీసుకోండి. అవి పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్తే, నిజంగా టీబీ ఉంటే మందులు ఉచితం.